పాత కెమెరా ప్రకటనల సేకరణ: సమస్య ఏమిటి, ఎందుకొచ్చింది, ఏం చేయాలి

పాత కెమెరాలు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. వాటిని అమ్మడానికి అచ్చేసిన కరపత్రాలు, కేటలాగులు, పత్రికల్లో వేయించిన ప్రకటనలు దాచేవాళ్లు కొద్దిమంది. నాకు ఆ కాగితాలంటేనే ఎక్కువ ఇష్టం. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ మొదటి కొడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మాడు. లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్ వేసి ఇచ్చేవాళ్లు. అది అయిపోయాక కెమెరా మొత్తాన్ని అమెరికాలో కంపెనీ ఉన్న రోచెస్టర్‌కు పంపి 10 డాలర్లు కడితే, ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ ఎక్కించి తిప్పి పంపేవాళ్లు. ఆ డబ్బాను ఎంతసేపు తిప్పి చూసినా ఈ సంగతి తెలియదు. ప్రకటన చదివితే ఒక్క ముక్కలో తెలుస్తుంది: "మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం."

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ఇబ్బందులు ఇంచుమించు ఒకే చోట పుడుతున్నాయి. అందరూ బొమ్మను చూస్తున్నారు, అది అచ్చయిన కాగితాన్ని చూడటం లేదు. తొలినాటి ప్రకటనల్లో తేలిగ్గా దొరికేవి కొడాక్‌వే కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడి నుంచే ఇస్తాను.

చూడ్డానికి పాతదే, కానీ అనుమానంగా ఉంది

కారణం: పాత ప్రకటనలను స్కాన్ చేసి, గోడకు తగిలించుకోవడానికి కాపీలు అమ్ముతారు. కాపీ అని చెప్పి అమ్మితే ఇబ్బందేమీ లేదు. చేతులు మారుతూ మారుతూ ఆ మాట ఎక్కడో జారిపోతుంది.

పరిష్కారం: వాచీలు బాగుచేసేవాళ్లు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. దాన్ని బొమ్మ మీద పెట్టేముందు, అచ్చు ఏమీ లేని అంచు మీద పెట్టండి. అసలు కాగితమైతే అక్కడ నారలు తప్ప ఇంకేమీ కనిపించవు. స్కాన్ కాపీ అయితే అంచు మీది పాతబడిన పసుపు రంగే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది: నీలం, గులాబీ, పసుపు చుక్కలు. కాలంతో వచ్చిన పసుపును కూడా ప్రింటర్ అచ్చు వేసిందన్నమాట. తర్వాత అక్షరాలు చూడండి. లోహపు అచ్చుతో నొక్కిన అక్షరానికి అంచు చుట్టూ సిరా కాస్త చిక్కగా ఉంటుంది. మందపాటి కాగితమైతే వెనక వైపు వేలితో తడిమినా ఆ నొక్కు తగులుతుంది.

నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చ్ ఉంటే చీకటి గదిలో వేసి చూడండి. కాగితం తెల్లగా కనిపించడానికి మెరుపు రసాయనాలు కలపడం 1950 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. 1905 నాటిదని చెప్పిన పేజీ నీలి తెలుపుగా వెలిగిపోతుంటే దాన్ని వదిలేయండి. వెలగకపోతే మాత్రం అసలుదే అని ధీమా పడొద్దు. ఆ రసాయనాలు లేని కాగితం ఇప్పుడూ దొరుకుతుంది.

తేదీ ఎక్కడా లేదు

కారణం: కరపత్రం ఆ సీజన్‌కు పంచి పారేయడానికి అచ్చేసింది. వందేళ్ల తర్వాత ఎవరో తేదీ వెతుకుతారని వాళ్లు అనుకోలేదు.

పరిష్కారం: ముందు కంపెనీ పేరును అక్షరం అక్షరం చదవండి. "ఈస్ట్‌మన్ డ్రై ప్లేట్ అండ్ ఫిల్మ్ కంపెనీ" అని ఉండి కొడాక్ కెమెరా కనిపిస్తే అది 1888-89 నాటిది. "ది ఈస్ట్‌మన్ కంపెనీ" అని మాత్రమే ఉంటే 1889కీ 1892కీ మధ్య. "ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ" అనే పేరు 1892 నుంచి వచ్చింది. జర్మన్ కంపెనీలకూ ఇదే పద్ధతి. ఇకా, ఎర్నెమన్, గోయెర్జ్, కొంటెస్సా-నెట్టెల్ కలిసి 1926లో జైస్ ఐకాన్ అయ్యాయి. కాబట్టి జైస్ ఐకాన్ పేరున్న కాగితం అంతకుముందుది అయ్యే వీలే లేదు.

తర్వాత సరుకు. కొడాక్ వాళ్ల ఒక డాలరు కెమెరా బ్రౌనీ 1900లో వచ్చింది. నెగెటివ్ మీదే తేదీ రాసుకునే ఆటోగ్రాఫిక్ కొడాక్ కెమెరా 1914లో వచ్చింది. మనందరికీ అలవాటైన 35 ఎంఎం రీలు డబ్బా, అంటే 135, కొడాక్ రెటీనా కెమెరాతో 1934లో వచ్చింది. అడ్రసు కూడా పనికొస్తుంది. రోచెస్టర్ పేరు పక్కన "4" అనే అంకె కనిపిస్తే, అమెరికాలో పోస్టల్ జోన్లు పెట్టిన 1943 తర్వాతది. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది.

మన దేశంలో పంచిన కాగితాలకు ధరే పెద్ద ఆధారం. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలని ఉంటే ఆ తర్వాతి కొన్నేళ్లది. బ్రిటన్‌లో షిల్లింగులు 1971 ఫిబ్రవరి దాకా నడిచాయి.

ఒక జాగ్రత్త. పేర్లు, సరుకులు, పేటెంట్ తేదీలు "ఇంతకుముందుది కాదు" అని చెబుతాయి, అంతే. "సరిగ్గా ఈ ఏడాదే" అని చెప్పవు. 1897 పేటెంట్ తేదీని 1910లోనూ అచ్చేస్తూనే ఉంటారు.

నా దగ్గర లండన్‌లో అచ్చయిన ఒక మడత కరపత్రం ఉంది. అచ్చులో ధర పౌండ్లలో ఉంది. దాని పక్కన ఎవరో పెన్సిల్‌తో రూపాయలు, అణాలు వేశారు. వెనక మద్రాసు షాపు రబ్బరు స్టాంపు, ఊదా రంగులో, సగం చెరిగిపోయి. ఇది చూసిన ఒకాయన "రబ్బరుతో తుడిచేస్తే నీటుగా అవుతుంది కదా" అన్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ఆ పెన్సిల్ గీత వల్లే అది మన ఊళ్ల దాకా వచ్చిన కాగితం అని తెలుస్తోంది.

ఏ పత్రికలోదో తెలియడం లేదు

కారణం: అమ్మేవాళ్లు పత్రికను విప్పి ప్రకటనలను ఒక్కో పేజీగా కోసి అమ్ముతారు. ఆ కోతలో పత్రిక పేరు, నెల పోతాయి.

పరిష్కారం: పేజీ తిప్పండి. వెనక వైపు ఉన్న సబ్బు ప్రకటనో, కథ ముక్కో, ఎన్నికల వార్తో చాలాసార్లు ఏడాదిని పట్టిస్తుంది. పేజీ నంబరు చూసి తికమక పడొద్దు. అప్పటి అమెరికన్ మాసపత్రికల్లో చాలావాటికి ప్రకటనల భాగానికి విడిగా నంబర్లుండేవి. ఒకే ప్రకటన ఒకే నెలలో నాలుగైదు పత్రికల్లో వచ్చేది కాబట్టి బొమ్మ ఒకటే అయినంత మాత్రాన పత్రిక ఒకటే అనుకోకూడదు. పేజీ కొలత, వెనక వైపు రెండూ కలవాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న ఎల్లిస్ కొడాకియానా అనే కొడాక్ సామగ్రి సేకరణలోని తొలినాటి ప్రకటనలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. పోల్చి చూసుకోవడానికి నేను ముందు అక్కడికే వెళ్తాను.

అందుకే వెనక వైపు కనిపించకుండా అట్టకు అంటించడం అంటే నాకు టెన్షన్. ఫ్రేమ్ కట్టించాలనుకుంటే స్కాన్ తీసి ఆ కాపీని కట్టించండి.

డబ్బు ఎక్కువ పెట్టానేమో అనిపిస్తోంది

పత్రిక పేజీలు లక్షల్లో అచ్చయ్యాయి. షాపులో చేతికిచ్చిన కరపత్రాలు, ఏటా మారే ధరల జాబితాలు మిగిలింది తక్కువ. ఒక్క పేజీకి అడిగే ధరకు కొన్నిసార్లు పత్రిక మొత్తం వస్తుంది, తేదీతో సహా. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో పాత నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలు కనిపిస్తే ప్రకటనల కోసం మొదటి, చివరి పేజీలు తిరగేయండి.

ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి

కారణం: చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం. అందులోని ఆమ్లం ఏళ్ల తరబడి నారలను తినేస్తుంది. వెలుతురు, వేడి దాన్ని తొందరపెడతాయి.

పరిష్కారం: పాడైంది తిరిగి రాదు, ఇకముందు పాడవకుండా ఆపగలం. ఆమ్లం లేని కాగితాన్ని వెనక పెట్టి, పాలిస్టర్ కవర్లో ఉంచి, చీకట్లో పడుకోబెట్టండి. ఆఫీసు ఫైళ్లకు వాడే పీవీసీ కవర్లు వద్దు. తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే అది పీవీసీయే కావచ్చు. కొన్నేళ్లకు జిగురుగా మారి సిరాను లాగేసుకుంటుంది.

గోధుమ రంగు మచ్చలు, ముక్కిన వాసన

చెమ్మే కారణం. మన కోస్తా జిల్లాల్లో వానాకాలం అంతా ఇదే గొడవ. కొత్తగా వచ్చిన కాగితాన్ని పాతవాటితో కలపకుండా కొన్నాళ్లు విడిగా ఉంచండి. గాలి తగిలే నీడలో ఆరనివ్వండి. పచ్చళ్లకు, పప్పులకు పెట్టినట్టు ఎండలో మాత్రం పెట్టకండి, సిరా వెలిసిపోతుంది. బూజు పూర్తిగా ఎండాక మెత్తటి కుంచెతో, ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని దులపండి. పెట్టెను గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తులో ఉంచి, సిలికా జెల్ సంచులు వేసి మార్చుతూ ఉండండి. మచ్చలు పోగొడతామని బ్లీచింగ్ జోలికి వెళ్లొద్దు.

నున్నటి ఆర్ట్ పేపర్ కేటలాగు తడిసి పేజీలు అతుక్కుపోతే బలవంతంగా విడదీయకండి, బొమ్మ పైపొరతో సహా ఊడొస్తుంది. కాగితాల సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించాల్సిందే.

మధ్యలో పిన్ను తుప్పు పట్టింది

పుస్తకాన్ని సరిగ్గా మధ్య పేజీకి తెరవండి. పిన్ను కాళ్లు అక్కడ మడిచి ఉంటాయి. పలచటి ప్లాస్టిక్ ముక్కను కాగితానికీ పిన్నుకీ మధ్య దూర్చి, కాళ్లను ఒక్కొక్కటిగా నిటారుగా లేపండి. తర్వాత వెనక నుంచి పిన్నును మెల్లగా పైకి తీయండి, లాగొద్దు. అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో వదులుగా ఒక కుట్టు వేస్తే సరిపోతుంది.

టేపు, లామినేషన్

టేపు జిగురు కాలంతో పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. చినిగినచోట టేపుకు బదులు పలచటి జపనీస్ టిష్యూ, గోధుమ పిండి పేస్టు వాడండి. తడితో మెత్తబడి ఊడొస్తుంది, తర్వాత ఎవరైనా సరిచేయగలరు.

లామినేషన్‌కు పరిష్కారం లేదు. 1912 నాటి వెస్ట్ పాకెట్ కొడాక్ కెమెరా కరపత్రం ఒకటి నా దగ్గర ఉండేది. స్కాన్ చేయమని ఒక జిరాక్స్ షాపులో ఇచ్చి టీ తాగి వచ్చేసరికి, పాడవకుండా ఉంటుందని ఆ అబ్బాయి లామినేట్ చేసి పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. వేడికి కరిగిన జిగురు నారల్లోకి దిగిపోయింది, అంచు దగ్గర ఒక గాలి బుడగ కూడా మిగిలిపోయింది. అప్పటి నుంచి కరపత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వను. దగ్గర నిలబడి, గాజు మీద నేనే పెట్టి, నేనే తీస్తాను.