పిల్లలకు డీకేఏ వస్తే: అంబులెన్సు ఎక్కేముందు, ఎక్కాక

ఒడిశాలోని పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు పిల్లాడికి సీరియస్ అయితే మనం ఎక్కువగా పట్టేవి రెండు దార్లు. ఒకటి బరంపురం మెడికల్ కాలేజీ. రెండోది బోర్డరు దాటి శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్చో. ఎటెళ్లినా గంటల ప్రయాణం. షుగరు ముదిరి, రక్తంలో ఆమ్లం పెరిగి డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్) లోకి వెళ్లిన పిల్లలకు ఆ గంటలే గండం. డీకేఏలో ప్రాణం మీదికి తెచ్చే మెదడు వాపు ఎక్కువగా బయటపడేది చికిత్స మొదలైన 4 నుంచి 12 గంటల్లోపే. అంటే, చిన్నాసుపత్రిలో సెలైన్ పెట్టి, "షుగరు దిగుతోంది, తీసుకెళ్లండి" అన్నాక.

డీకేఏ వచ్చిన పిల్లల్లో ఈ మెదడు వాపు నూటికి ఒకరికో, అంతకంటే తక్కువ మందికో వస్తుంది. వచ్చినవాళ్లలో మాత్రం నలుగురైదుగురికి ఒకరు దక్కరు. ఐదేళ్లలోపు పిల్లలకు, షుగరుందని అప్పుడే తెలిసినవాళ్లకు, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ.

ఆ ఆలస్యం చాలాసార్లు ఊళ్లోనే జరుగుతుంది. వానాకాలంలో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం అంటే మలేరియా, టైఫాయిడ్, నిమ్ము అనుకుంటాం. నీరసమని ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సీసా ఎక్కించేస్తాం. ముందు వేలు గుచ్చి షుగరు చూడమనండి, నిమిషం పని. పిల్లాడు తెగ నీళ్లు తాగుతున్నా, పక్క తడపడం మానేసినవాడు మళ్లీ తడుపుతున్నా, చిక్కిపోతున్నా అనుమానించాల్సిందే. వీటితోపాటు షుగరు 200 దాటితే పరగడుపు టెస్టు కోసం తెల్లారేదాకా ఆగొద్దు.

ఆసుపత్రిలో "ఇంకా 400 ఉందేంటండీ, ఇంజెక్షన్ పెంచండి" అని తొందరపెట్టకండి. మన టెన్షన్ అర్థమయ్యేదే గానీ, ఇన్సులిన్‌ను సెలైన్ మొదలెట్టిన గంట తర్వాతే, డ్రిప్పులో నిదానంగా ఇవ్వాలి. సెలైన్ వల్లే మెదడు వాస్తుందని భయపడి దాన్ని ఆపమనడమూ తప్పే. అమెరికాలో 13 ఆసుపత్రుల్లో చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, సెలైన్ వేగంగా ఇచ్చినా నిదానంగా ఇచ్చినా మెదడుకు జరిగే హానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

రిఫరల్ చీటీ మీద పేరు, ఊరు రాసి పంపేస్తే చాలదు. సెలైన్ ఎన్నింటికి మొదలైంది, ఎన్ని ఎంఎల్ వెళ్లింది, ఇన్సులిన్ ఎప్పుడు ఎంత ఇచ్చారు, పిల్లాడి బరువెంత, గంటగంటకూ షుగరెంత, ఇవన్నీ రాయించుకోండి. ఫోనులో ఫొటో తీసుకోండి. మెదడు వాపు తగ్గించే మానిటాల్ గానీ 3 శాతం సెలైన్ గానీ బండిలో ఉందా, దాన్ని ఇవ్వడం తెలిసినవాళ్లు వెంట వస్తున్నారా అని మొహమాటం లేకుండా అడగండి. అది లేకుండా రాత్రిపూట అంత దూరం బయల్దేరడం నాకైతే మింగుడుపడదు.

దారిలో ఒకరు కచ్చితంగా మెలకువగా ఉండాలి. "అలిసిపోయాడు, పడుకోనీ" అనకండి. అరగంటకోసారి పేరు పెట్టి పిలిచి, అమ్మ ఎవరో చూపించమనండి. తలనొప్పి కొత్తగా మొదలైనా, పెరిగినా, తగ్గిన వాంతులు మళ్లీ వచ్చినా, కారణం లేకుండా విసుక్కున్నా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా వెంటనే చెప్పండి. మానిటర్ ఉంటే, గుండె వేగం హఠాత్తుగా పడిపోవడం, బీపీ పెరగడం కూడా హెచ్చరికే. అప్పుడు తలవైపు కాస్త ఎత్తు చేసి, ఆ మానిటాల్ గానీ 3 శాతం సెలైన్ గానీ అక్కడికక్కడే ఇవ్వాలి. స్కానింగ్ తర్వాత చూసుకోవచ్చు. మగతగా ఉన్నవాడి నోట్లో మాత్రం చుక్క నీళ్లు కూడా పోయకండి.