సంతకం చేసిన పీడీఎఫ్ ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలంటే ఎలా దాచాలి?

మా ఇంటి భాగపంపకాల చిత్తుప్రతిని చాలా ఏళ్ల కిందట నాన్న చంద్రగిరిలో ఒక డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైప్ చేయించి, వర్డ్ ఫైలును సీడీలో దాచారు. మొన్న నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫైలు పాడవలేదు, ఆ ఫాంటు నా దగ్గర లేదు. ప్రింటు ఉండబట్టి బతికిపోయాం.

అందుకే ముందుగా ఏ కాగితమైనా యూనికోడ్ తెలుగులో, అంటే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లోనూ తెలుగుగానే కనిపించే పద్ధతిలో, టైప్ చేయించండి. తర్వాత దాన్ని మామూలు పీడీఎఫ్‌గా కాకుండా పీడీఎఫ్/ఏగా సేవ్ చేయండి. ఎక్కువ కాలం దాచే పత్రాల కోసమే 2005లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా వచ్చిన రకం ఇది. ఫాంట్లు ఫైల్లోనే ఉండి తీరాలి, పాస్‌వర్డ్ ఉండకూడదు. వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్ నొక్కితే పీడీఎఫ్/ఏ టిక్ ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లోనూ ఎక్స్‌పోర్ట్ చేసేచోట ఉంటుంది. సరిగా వచ్చిందో లేదో వెరాపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూసుకోవచ్చు.

డిజిటల్ సంతకం ఎప్పుడూ ఆఖరునే. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ముందు సంతకం చేసి తర్వాత పీడీఎఫ్/ఏగా మార్చినా, ఒక్క అక్షరం దిద్దినా ఆ సంతకం చెల్లదు. యూఎస్‌బీ టోకెన్‌లోని డీఎస్‌సీ(డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్)తోనో, ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్‌తోనో సంతకం చేయవచ్చు. డీఎస్‌సీ గడువు మహా అయితే మూడేళ్లు. కాబట్టి టైమ్‌స్టాంప్, అంటే సంతకం చేసిన సమయాన్ని చూపే ముద్ర, కూడా పెట్టండి. సంతకం చేసిన రోజుకి సర్టిఫికెట్ గడువులోనే ఉందని రేపు చూపించేది అదే.

తెరిచినప్పుడు పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే టెన్షన్ పడొద్దు. చాలాసార్లు, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను మీ కంప్యూటర్ ఇంకా నమ్మడం లేదని మాత్రమే దాని అర్థం. సంతకం మీద నొక్కి వివరాలు చూడండి. ప్రింటు తీసి స్కాన్ చేస్తే మాత్రం మిగిలేది బొమ్మే, సంతకం అసలు ఫైల్లోనే ఉండిపోతుంది. ఆన్‌లైన్‌లో సంతకంతో వచ్చిన సర్టిఫికెట్లకూ, పాస్‌వర్డ్‌తో వచ్చే ఈ-ఆధార్‌కూ ఇదే మాట. వాటిని మార్చకుండా వచ్చినవి వచ్చినట్టే దాచండి.

ఇక ఫైలు పేర్లు. మన వైపు జిల్లా పేరుతో ఫోల్డర్లు పెట్టొద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కదా, ఒకే పొలానికి పాత కాగితంలో చిత్తూరు జిల్లా, కొత్తదాంట్లో తిరుపతి జిల్లా ఉంటాయి. ఊరు, సర్వే నంబరు, తేదీ రాయండి. తేదీలో సంవత్సరం ముందు పెడితే ఫైళ్లు వరుసలో ఉంటాయి. ఒక కాపీ హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న మనవాళ్ల దగ్గర ఉంచండి.

వీలునామాను మాత్రం ఇలా చేయకండి. ఐటీ చట్టం, 2000 దానికి ఎలక్ట్రానిక్ సంతకాన్ని ఒప్పుకోదు. అది కాగితం మీదే రాసి, సాక్షులతోనూ సంతకాలు చేయించాలి.