మిద్దె కొట్టే ముందు నిచ్చెన తెప్పించండి

గుత్తి కోట కింద పేటలో మిద్దె ఇండ్లు, అంటే దూలాల మీద మట్టి కప్పిన ఇండ్లు, ఇంకా శానానే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని కొట్టి స్లాబు వేసిన బేల్దారిని నేనే. ఇప్పుడు ఎవరన్నా "కొట్టేద్దాం మేస్త్రీ" అంటే, ముందు నిచ్చెన తెప్పించమంటా.

ఎక్కినాక ఒక మూల గడ్డపారతో తవ్వి, పైనున్న మట్టి ఎంత మందముందో టేపు పెట్టి చూడండి. వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పోసేది మనకు తెలిసిందే. చౌడు తడిస్తే మెత్తగా విచ్చుకొని సందులన్నీ పూడ్చేస్తుంది, నీళ్లు కిందికి దిగవు. కానీ పాతది తీయకుండానే తాత ఒక పొర, నాయన ఒక పొర పోసుకుంటా పోయినారు. పోయినేడు నేను పట్టిన ఇంట్లో 14 అంగుళాలు తేలింది. 10 అడుగులకు 12 అడుగుల గది మీద అడుగు మందం మట్టి ఉంటే 5 టన్నులు దాటుతుంది. దూలం వంగిందని దూలాన్ని తిట్టి ఏం లాభం? అంత బరువు మీద ఇంకో టన్ను నీళ్ల ట్యాంకు పెట్టేవాళ్లూ ఉన్నారు. ట్యాంకుకు పెరట్లో వేరే స్తంభాలు కట్టుకోండి.

మిద్దె మీద నుంచి దిగే ముందు కోట వైపు కూడా చూడండి. అది కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కోట. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టనివ్వరు. ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకు ఏం కట్టాలన్నా అనుమతి తీసుకోవాల. 100 మీటర్ల లోపల 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. కొట్టేస్తే మాత్రం అదే కొలతల్లో కూడా మళ్లీ కట్టుకోనివ్వరు. పాత ఇంటిపన్ను రసీదులు, దస్తావేజులు పారేయొద్దు, ఇల్లు ఎప్పటిదో చెప్పేవి అవే. హద్దుకు దూరంగా ఉన్నా సరే, గోడ జరపాలన్నా గది పెంచాలన్నా మునిసిపాలిటీలో అడిగి మొదలుపెట్టండి.

ఇక పని. మట్టి దించే ముందు దూలాల కింద సెంట్రింగు జాకీలు పెట్టండి, దూలాన్ని తాకేంత వరకే. వంగిన దూలాన్ని నిలువునా ఎత్తి సరిచేద్దామనుకుంటే ఇరిగిపోతుంది. మట్టిని అన్ని పక్కలా సమానంగా, కొంచెం కొంచెం తీయించండి. తర్వాత దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చెద గానీ కుళ్లు గానీ మొదలయ్యేది అక్కడే. నడుమ గట్టిగా ఉండి కొన మెత్తబడితే దూలం మార్చక్కర్లేదు, పక్కన ఇనుప గర్డరు వేసి దానికి వేరే బండ ఆనిస్తే సాలు. మళ్లీ పోసేటప్పుడు 4, 5 అంగుళాల మట్టి బాగా దిమ్మిస కొట్టి, పైన పల్చగా చౌడు వేసి, 5 అడుగులకు అంగుళం చొప్పున తూము వైపు వాలు ఇవ్వండి.

పోయినేటి ఇంటి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. "అమ్మ రాత్రిపూట పెరట్లోకి పోలేకుంది, నడి గదిలోనే బాత్రూం కట్టియ్యి మేస్త్రీ" అన్నాడు. మట్టి గోడ మధ్య నీళ్లు పెడితే ఎట్లప్పా అన్నా. వెనకపక్క కిటికీ గుమ్మం కింద గోడ కోసి దాన్నే వాకిలి చేసినా. పైన గోడ బరువు మోసే రాతి కమ్మి ఎట్లున్నది అట్లే ఉంది, దాన్ని కదిలించలేదు. బయట ఇటుకతో బాత్రూం కట్టినా, దాని పునాది దానిదే. పాత గోడకూ కొత్త గోడకూ మధ్య 3 అంగుళాలు ఖాళీ వదిలి, పైన వాన పడకుండా రేకు కప్పినా. పైపులన్నీ బయటే. ఆ అమ్మ ఇప్పుడు ఇంట్లో నుంచి బయటికి రాకుండానే పోయి వస్తుంది.

గోడల సంగతి. 2011లో ఒక ఇంట్లో రాయి, మట్టి కలిసిన గోడకు సిమెంటు పూసింది నేనే. రెండో వానాకాలానికి మోకాలెత్తు దాకా ఉబ్బింది. తడితే డబడబమని మోగింది. పెచ్చు లాగితే లోపల మట్టి ముద్దయి ఉంది. కింద నుంచి ఎక్కే చెమ్మ గోడలో నుంచే ఆరాల. సిమెంటు దాన్ని ఆరనీయదు. సొంత డబ్బుతో గీకించి సున్నం పూసిచ్చినా.

సున్నం తొందరపడితే రాదు. నీళ్లలోకి సున్నం వేయాల, సున్నం మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి కళ్లల్లో పడుతుంది. రెండు వారాలు నాననిచ్చి, జల్లెడ పట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలపండి. కరక్కాయలు నానేసిన నీళ్లలో బెల్లం కరిగించి దాంతో తడుపుతాం. అర అంగుళానికి మించకుండా పూసి, పది రోజులు తడి గోనెపట్టలు కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. మన ఎండకు పట్టు దొరకక ముందే ఎండి రాలిపోతుంది.

కరెంటు తీగల కోసం గోడలు కోయనీయకండి, పైనే కేసింగు పట్టీలు కొట్టించండి. కింద తాడిపత్రి బండలుంటే ఆసిడ్ పోసి కడగొద్దు. అవి సున్నపురాయి, నురగొచ్చి నునుపు పోతుంది.

గవాచి, అంటే మిద్దెకు వెలుతురు, గాలి కోసం వదిలిన కంత, మూయమని అందరూ అడుగుతారు, పిల్లి దూరుతుందని. వేడిగాలి పోయేది దాంట్లో నుంచే. జల్లెడ కొట్టి, పైన నాలుగు ఇటుకల మీద బండ వాలుగా ఆనించండి. వాన రాదు, పిల్లీ రాదు.