పాత జీపు కింద పని – 3వ పాఠం: విరిగిన సెంటర్ బోల్టు

పోయిన పాఠంలో షాక్ అబ్జార్బర్ బోల్టులు విప్పాం. అవి విరిగితే బండి చప్పుడు చేస్తుంది, అంతే. కమాన్ కట్ట అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు. దాని మధ్యలో ఉండే సెంటర్ బోల్టు విరిగితే మాత్రం రెండు చక్రాలను కలిపే యాక్సిలే జరిగిపోతుంది.

నా జీపు సంగతి నాకంటే ముందు వెనకాల స్కూటర్ మీద వస్తున్నాయన కనిపెట్టాడు. ఏలూరు దాటాక పక్కకొచ్చి, "ఏమండీ, మీ బండి పీతలా పోతోంది, చూసుకోండి" అన్నాడు. దిగి చూస్తే నిజమే. ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఇంకో దారి. స్టీరింగ్ కొంచెం పక్కకు పట్టుకుంటే గానీ తిన్నగా పోవడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు వాలు అనుకుని నెల రోజులు నెట్టుకొచ్చాను.

మీ బండిలో అనుమానం ఉంటే ముందు టేపు తీయండి. చక్రాలు తిన్నగా పెట్టి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకి రెండు వైపులా కొలవండి. రెండు మూడు ఎం.ఎం. తేడాని పట్టించుకోను. నా బండిలో తేడా 18 వచ్చింది.

ఇది ఎందుకు విరుగుతుందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ విరుగుతుంది. పట్టీలను యాక్సిల్‌కి అదిమి పట్టేది సెంటర్ బోల్టు కాదు, యాక్సిల్‌ని చుట్టి ఉండే యూ ఆకారపు బోల్టులు (యూ బోల్టులు). సెంటర్ బోల్టు పని పట్టీలను ఒక వరసలో ఉంచడం, దాని తల యాక్సిల్ మెత్త (కట్ట ఆనే చదును చోటు) మీది గుంటలో కూర్చుని యాక్సిల్ చోటు మారకుండా చూడటం. యూ బోల్టులు వదులైతే బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఆ తోపుడంతా ఈ చిన్న బోల్టు మెడ మీద పడుతుంది. కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. నేను అంతకు నాలుగు నెలల ముందే ఒక షెడ్డులో కట్టలు మార్పించాను. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక పని. ఎత్తని చక్రాలకు అడ్డాలు పెట్టండి. ఛాసిస్‌ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద దింపండి. ఇటుకలు పెట్టొద్దు, బరువుకి ఉన్నట్టుండి పగిలిపోతాయి. జాకీని మళ్లీ యాక్సిల్ కిందకి తెచ్చి, బరువు ఆనీ ఆననట్టు ఉంచండి. చక్రం తీసేస్తే చేతులు ఆడించడానికి చోటు దొరుకుతుంది.

యూ బోల్టు నట్లు పాత బండిలో మామూలుగా రావు. ముందు రోజు సాయంత్రమే మరలను వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే ఆయిల్ పోసి పడుకోండి. పొద్దున ఇంకోసారి పోయండి. రింగు పానాతో ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి. ఆ చిన్న కదలికకే తుప్పు చిట్లుతుంది. అప్పటికీ రాకపోతే వేడి చేసి కూర్చోను, గ్రైండర్‌తో కోసేస్తాను. విప్పిన యూ బోల్టు సాగిపోయి ఉంటుంది, ఎలాగూ మళ్లీ వేయకూడదు కాబట్టి దాని మీద జాలి అనవసరం. జాలి పడాల్సింది మీ మీద. కొన్ని పాత జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. నిప్పురవ్వ ఎటు పోతుందో, బ్రేకు గొట్టం ఎక్కడుందో చూశాకే స్విచ్ వేయండి.

నా జీపులో కట్ట యాక్సిల్ కింద ఉంటుంది, లారీల్లోలా పైన కాదు. కాబట్టి యూ బోల్టులు, కింది ప్లేటు తీశాక జాకీతో యాక్సిల్‌ని రెండు మూడు అంగుళాలు పైకి లేపాను. సందులోంచి టార్చి వేస్తే విరిగిన తల గుంటలోనే కనిపించింది. విరిగిన చోట అంచు వెంబడి సగం దాకా గోధుమరంగు తుప్పు, మిగతాది వెండిలా మెరుస్తూ ఉంది. అంటే సగం ఎప్పుడో చిట్లింది, మిగతా సగం ఈ మధ్యే తెగింది.

మిగిలిన ముక్క తీసే ముందు కట్టకి రెండు పక్కలా సీ క్లాంపులు బిగించండి. ఇది మరిచిపోవద్దు. ఒక్కో పట్టీ వంపు ఒక్కోలా ఉంటుంది, పట్టు వదలగానే విడిపోవాలని చూస్తుంది. క్లాంపు బిగించాక కింది నట్టు విప్పి, పంచ్‌తో ముక్కని కొట్టేయండి. గుంటలో తల ఇరుక్కుంటే ఉలి మొనతో అంచు మీద తట్టి తిప్పండి. పట్టీల రంధ్రాలు ఒకదానికొకటి కలవకపోతే మొన సన్నగా ఉన్న పంచ్‌ దూర్చి సర్దండి. వేలు పెట్టి తడమొద్దు. పట్టీ జరిగితే ఆ రంధ్రమే కత్తెర.

బోల్టు వేసే ముందు పెద్ద పట్టీని డీజిలుతో కడిగి రంధ్రం చుట్టూ చూడండి. పట్టీలు ఎక్కువగా అక్కడే చిట్లుతాయి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ పట్టీ పని అయిపోయినట్టే.

కొత్త బోల్టు కోసం హార్డ్‌వేర్ కొట్టుకి కాదు, కమాన్ కట్టల షాపుకి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత ముక్క చూపిస్తే చాలు. దీని తల గుండ్రంగా ఉంటుంది, మామూలు ఆరు పలకల తల గుంటలో కూర్చోదు. తల మీద 8.8 అని ఉంటే అది బోల్టు బలం గుర్తు, మొదటి అంకెని వందతో గుణించండి. చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా లాగితే తెగుతుందని అర్థం. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర సాగడం మొదలుపెడుతుంది. ఇంకో చిక్కు: పాత జీపుల్లో అంగుళాల మరలు ఉండొచ్చు. అర అంగుళం అంటే 12.7 ఎం.ఎం., 12 ఎం.ఎం. నట్టు దానికి ఎక్కదు. పానాతో బలవంతం చేస్తే రెండూ పాడవుతాయి. చేత్తో నాలుగు చుట్లు తిరిగితేనే అది మీ నట్టు.

బోల్టు బిగించి, యాక్సిల్‌ని మెల్లగా దింపండి. తల గుంటలో కూర్చుందని కళ్లతో చూశాకే కొత్త యూ బోల్టులు ఎక్కించండి. ఒకదాన్నే పూర్తిగా బిగించకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పండి. ఆఖరి బిగింపు బండి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. తర్వాత టేపు పట్టి రెండు వైపులా మళ్లీ కొలవండి. నాకు తేడా 2 వచ్చింది.

మొదటి వంద కిలోమీటర్లలోపు యూ బోల్టులు మళ్లీ బిగించాలి. నేను డాష్‌బోర్డు మీద కిలోమీటర్ల అంకె రాసి చీటీ అంటించాను.

వచ్చే పాఠం షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి కలిపే ముక్క) బోల్టు ఛాసిస్‌లోనే విరిగిపోతే ఏం చేయాలో. కొన్ని పాత జీపుల షాకిల్‌కి ఒక కొస ఎడమ మరలు ఉంటాయి, అంటే మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి. అప్పటిదాకా వాటి మీద పానా పెట్టకండి.