ట్రాప్ షూటింగ్ టీమ్ పోటీ స్కోరు చూడటం ఎలా?

2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో గాల్లో ఎగిరే బిళ్లల్ని తుపాకితో పగలగొట్టే ట్రాప్ పోటీలో మన పురుషుల జట్టు స్వర్ణం కొట్టింది, అందులో మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ కూడా ఉన్నాడు, అయినా ఆ స్కోరు ఎలా వచ్చిందో అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఈసారి లైవ్ దొరికితే ఇలా చూడండి.

ముందుగా, రెండు జట్లు ఎదురెదురుగా తలపడతాయని ఎదురుచూడకండి, అలాంటి మ్యాచే ఉండదు. వ్యక్తిగత క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు దశలో, ఒక్కొక్కరికి 125 టార్గెట్లు, ఒక దేశానికి చెందిన ముగ్గురి స్కోర్లూ కూడితే అదే టీమ్ స్కోరు, అంటే గరిష్ఠంగా 375. ఆ ముగ్గురూ సాధారణంగా వేర్వేరు స్క్వాడ్‌లలో (కలిసి కాల్చే గుంపుల్లో) కాలుస్తారు కాబట్టి మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, లేకపోతే ఎవరెక్కడున్నారో తెలియక బుర్ర తిరుగుతుంది.

ఇక రేంజ్ చూడండి. షూటర్లు నిలబడడానికి వరసగా అయిదు స్థానాలు, వాటికి 15 మీటర్ల ముందు ఒక కందకం, అందులో స్థానానికి మూడు చొప్పున టార్గెట్లు విసిరే 15 మెషీన్లు. షూటర్ తుపాకి భుజానికి ఆనించుకుని కేక వేస్తాడు, మైక్ ఆ గొంతు పట్టుకోగానే టార్గెట్ ఎగురుతుంది. అది ఎడమకా కుడికా అన్నది అతనికి ముందే తెలియదు, కానీ 25 టార్గెట్ల రౌండ్ ముగిసేసరికి అందరికీ ఎడమకి 10, కుడికి 10, మధ్యలోకి 5 వస్తాయి, కాబట్టి అదృష్టం అనడానికి లేదు. కాల్చినవాడు పక్క స్థానానికి జరుగుతాడు. స్క్వాడ్‌లో ఆరుగురు, అందుకే ఎప్పుడూ ఒకడు వెనక నిలబడి కనిపిస్తాడు.

టార్గెట్ అంటే 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువున్న చిన్న బిళ్ల. దాన్ని క్లే (మట్టి) టార్గెట్ అనడం పేరుకే, నిజానికి పిచ్ అనే తారులాంటి పదార్థం, సున్నపురాయి పొడి కలిపి చేస్తారు. ఒక్కో టార్గెట్‌కి రెండు గుండ్లు వాడొచ్చు, మొదటిదానికి పగిలినా రెండోదానికి పగిలినా పాయింటు ఒకటే. కనీసం ఒక ముక్కయినా ఊడినట్టు కంటికి కనబడాలి, వట్టి దుమ్ము లేస్తే సున్నా. రెండో గుండు ఎక్కువసార్లు పేలుతోందంటే ఆ షూటర్ లయ తప్పుతున్నాడని నేననుకుంటా, స్కోరు బోర్డు ఆ సంగతి చెప్పదు.

లెక్క దగ్గరికొస్తే, కొట్టినవి కాదు, వదిలేసినవి లెక్కపెట్టండి, సులువు. హాంగ్‌జౌలో కైనన్ 122, జొరావర్ సింగ్ సంధు 120, పృథ్వీరాజ్ తొండైమాన్ 119, అంటే వదిలేసినవి 3, 5, 6. మొత్తం 375లో పోయినవి 14 మాత్రమే! ఆ 361 ఆసియా క్రీడల రికార్డు. కువైట్‌కి రజతం, చైనాకి కాంస్యం. ముగ్గురిలో ఎవరికైనా ఒక్క రౌండ్ చెడి నాలుగైదు పోతే మిగతా ఇద్దరూ ఎంత బాగా కాల్చినా పూడ్చడం కష్టం, టెన్షనంతా అక్కడే.

హాంగ్‌జౌలో క్వాలిఫికేషన్ రెండు రోజులు జరిగింది, మొదటిరోజు 75 టార్గెట్లు, రెండోరోజు 50. మొదటిరోజు ఆధిక్యం చూసి సంబరపడొద్దు.

ఆఖర్న వ్యక్తిగత ఫైనల్ ఉంటుంది, హాంగ్‌జౌలో అది ఆరుగురితో జరిగింది, అందులో టార్గెట్‌కి ఒక్కటే గుండు. కైనన్ అక్కడ 32 కొట్టి వ్యక్తిగత కాంస్యం తెచ్చుకున్నాడు. అయితే ఫైనల్ స్కోరు టీమ్ లెక్కలోకి రాదు, మీరు సరిగ్గా ఫైనల్ వేళకి టీవీ పెడితే జట్టు స్వర్ణం అప్పటికే ఖరారైపోయి ఉంటుంది.