మూత్రాశయంలో గడ్డ తీశాక ఇంట్లో మనిషిని కనిపెట్టుకోవడం ఎలా?

డిశ్చార్జి కాగితం మీద టీయూఆర్‌బీటీ అని రాసే ఈ ఆపరేషన్‌లో పొట్ట కోయరు. మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి గడ్డను ముక్కలుగా గీకి తీస్తారు, నెత్తురు కారే చోట కరెంటుతో కాలుస్తారు. పైకి కుట్లు కనపడవు గనక ఇంట్లోవాళ్లు చిన్న ఆపరేషనే అనుకుంటారు. లోపల మాత్రం పచ్చి పుండే. కింద భర్తకు అయినట్టు రాశాం. భార్యకైనా దాదాపు ఇవే జాగ్రత్తలు.

ఆసుపత్రి వదిలేముందు. మూత్రం బయటికి పోవడానికి పెట్టిన ట్యూబు (క్యాథెటర్) ఎప్పుడు తీస్తారో, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలో, తీసిన ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందో రాసుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి నెత్తురు పలచబడే మాత్రలు వాడే మనిషైతే మళ్లీ ఏ రోజు మొదలెట్టాలో తప్పక అడగండి. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సొంతంగా ఆపడమూ, మొదలెట్టడమూ రెండూ ప్రమాదమే.

ట్యూబుతో ఇంటికి పంపితే. మూత్రం పట్టే బ్యాగు పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. మంచం పట్టెకు తగిలించండి. ఆటోలో చాలామంది దాన్ని ఒళ్లో పెట్టుకుంటారు. మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ పట్టేది అలాగే. ట్యూబు లాగినట్టు కాకుండా తొడకు ప్లాస్టరు వేయండి. ప్యాంటు కంటే లుంగీ నయం. బ్యాగు మూడింట రెండొంతులు నిండగానే చేతులు కడుక్కుని ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో నోటుబుక్కులో రాయండి. ట్యూబు చుట్టూ రోజుకు రెండుసార్లు సబ్బు నీళ్లతో కడగాలి, పౌడరు వద్దు. అంగం ముందు చర్మాన్ని వెనక్కి తీసి కడిగితే తిరిగి ముందుకు తేవడం మరవొద్దు. అలా వదిలేస్తే వాచి బిగుసుకుపోతుంది.

ట్యూబు పక్కనుంచి మూత్రం కారితే ముందు బ్యాగు వైపు చూడండి. బ్యాగులోకీ పడుతోంది, ఆయనకు మాత్రం ఉండుండి "వచ్చేస్తోంది" అంటూ పొత్తికడుపు పట్టేస్తోంది అంటే అది మూత్రాశయం ముడుచుకోవడం. డాక్టరును అడిగితే మాత్ర రాస్తారు. బ్యాగులోకి చుక్క పడకపోతే ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో, ఒంటి కింద నలిగిందేమో చూడండి. అది సరిచేసినా రాకుండా పొత్తికడుపు ఉబ్బుతుంటే నెత్తురు గడ్డ అడ్డుపడినట్టే. ఆసుపత్రిలో సెలైన్‌తో కడగాల్సిందే, తెల్లారేదాకా ఆగొద్దు. ట్యూబును లాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి, లోపల నీళ్లు నింపిన బుడగ ఉంటుంది.

ట్యూబు తీశాక కూడా ఇదే భయం. తీసిన ఐదారు గంటల్లో మూత్రం రాకపోయినా, చుక్కచుక్కగా వస్తూ కడుపు బిగిసినా వెనక్కి తీసుకెళ్లండి. మొదట్లో మంట, మాటిమాటికీ వెళ్లడం మామూలే.

రంగు చదవడం. లేత గులాబీ రంగుకు కంగారు అక్కర్లేదు. పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య, అంతా సర్దుకుందనుకున్నాక, మళ్లీ నెత్తురు కనపడొచ్చు. లోపలి పుండు మీది పక్కు ఊడటం వల్ల వచ్చేది అది. నీళ్లు ఎక్కువ తాగించి, పడుకోబెడితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. టొమాటో రసంలా చిక్కగా వచ్చినా, పెద్ద నెత్తురు గడ్డలు పడినా ఆసుపత్రికే. చలి వణుకుతో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం, లేదా పొట్ట గట్టిపడి ఓర్చుకోలేని నొప్పి ఉంటే కూడా అంతే. రెండోది మూత్రాశయానికి చిల్లు పడిన గుర్తు కావచ్చు.

రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు, మజ్జిగ కలిపి చూసుకోండి. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పిన కొలతే. ముక్కి దొడ్డికి వెళ్తే నెత్తురు మొదలవుతుంది, అందుకే ఆకుకూరలు, అరటిపండు, అవసరమైతే రాత్రి ఇసబ్‌గోల్. రెండు వారాలు గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా ఎత్తనివ్వకండి. సిగరెట్, బీడీ ఇంట్లో లేకుండా చేయండి, మూత్రాశయంలో గడ్డలకు ప్రధాన కారణం అదే.

మొహం చిట్లించి "నాకేం కాలేదు" అనే మగవాళ్లే ఎక్కువ. మాట కంటే నోటుబుక్కులో అంకెల్నే నమ్మండి.

రిపోర్టు వచ్చాక గడ్డ ఏ గ్రేడు, ఎంత లోతుకు పోయింది, తీసిన ముక్కలో కండర పొర ఉందా అని అడగండి. పొర లేకపోయినా, లోతు ఎక్కువైనా కొన్ని వారాల్లో మళ్లీ గీకాల్సి రావచ్చు. మొదటిది సరిగా చేయలేదని కాదు. తర్వాతి స్కోపీ (గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) సాధారణంగా మూడు నెలలకు.