వరి కయ్యల్లో ఎలుకలు పట్టడం: బుట్ట, పొగకుండ

పైరు పొట్టకొచ్చాక ఎలుకల బుట్టలు పెడితే అప్పటికే ఆలస్యం. తిండి దొరికే ఆ రోజుల్లోనే ఎలుకలు ఈనుతాయి, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు. పైగా పచ్చి కంకి నోటికందితే ఎర వైపు చూడవు. పెన్నా ఆయకట్టులో నాట్లకు ముందు ఒకసారి, నాటిన నెలలోపు మరోసారి పట్టాలి.

ముందు కాపురం ఉన్న కలుగులేవో తేల్చుకోండి. సాయంత్రం గెనిమ (పొలం గట్టు) వెంట నడిచి, కనబడ్డ ప్రతి బొక్కనూ బురదతో మూసేయాలి. తెల్లారి తెరుచుకున్నవే అసలువి. చిన్న పందికొక్కు కలుగు నోట్లో గుల్లమట్టి కుప్ప పోస్తుంది. ఆ మట్టి ఇంకా తడి ఆరకుండా ఉంటే రాత్రి తవ్విందే. నున్నగా ఉండి, కొత్త మట్టి లేని బొక్కలో పాము ఉండొచ్చు. చెయ్యి పెట్టొద్దు.

వెదురు బుట్టలు ఎకరాకు 20 దాకా కావాలి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే మొదటి రెండు రాత్రులు విల్లు (ఎలుకను బిగించి పట్టే బద్ద) ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టి వదిలేయండి. వేయించిన నూకలకు కాస్త వేరుశనగ నూనె పట్టిస్తే చాలు, ఎండుచేప ముక్కయినా సరే. మూడో రాత్రి విల్లు బిగించి, అవి నడిచే దారి మీదే, గెనిమ వారన పెట్టాలి. కయ్య మధ్యలో పెడితే పడవు. తెల్లారి ఎండ ఎక్కకముందే బుట్టలు తీసేయాలి.

గెనిమలో ముదిరిన కలుగుకు పొగకుండే మందు. ఈ పనిలో యానాదుల చేతినేర్పు ఇంకెవరికీ రాదు, దొరికితే కూలిచ్చి వాళ్లతోనే చేయించండి. అడుగున చిన్న చిల్లు ఉన్న మట్టికుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు వేసి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, చుట్టూ బురద మెత్తాలి. చిల్లులోంచి ఊదితే పొగ లోపలికి పోతుంది. ఇక్కడ గెనిమకు రెండు వైపులా ఒక్కొక్కరు కాపు ఉండాలి. పందికొక్కు పారిపోయే దారిని పైన పలచటి మట్టిపొరతో కప్పి ఉంచుతుంది, అది పైకి కనబడదు. సన్నగా పొగ లేచిన చోటల్లా వెంటనే బురద కొట్టాలి. ఒక్కటి వదిలేసినా కుండ పెట్టిన శ్రమంతా వృథా. పొగ బాగా పట్టాక తవ్వండి. లోపల దాచిన కంకులూ బయటపడతాయి. తవ్విన గెనిమను అదే రోజు తొక్కించి పూడ్చకపోతే నీళ్లు నిలవవు.

చేతికి గాయం ఉంటే ఈ పనికి దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. తొడుగులు తప్పనిసరి. ఎలుకల మందు పెట్టిన పొలంలో పట్టిన ఎలుకలను ఎవరికీ తిండికి ఇవ్వకూడదు.

కుందేలు, ఉడుము, అడవిపందికి ఉచ్చులు వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గెనిమ మీద కరెంటు తీగ లాగితే రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషే పోతాడు.

చుట్టూ కయ్యల వాళ్లంతా ఒకే వారంలో పట్టాలి. మీరొక్కరే పడితే పక్క గెనిమవి మీ కయ్యలోకే వస్తాయి.